సర్క్యులర్లు మూసి, నోటుపుస్తకాలు తెరవాలి

విశాఖపట్నం మిసెస్ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ 1906లో బోధన సంస్కరణ కోసం ఒక సంఘం పెట్టారు. తర్వాత అందులోకి గురజాడ అప్పారావు వచ్చారు. ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ వచ్చారు. పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి వచ్చారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుకూ బడిలో చదివే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకన్న ప్రశ్న వాళ్లందరినీ కలిపింది. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా చదువుకున్నాం, పండితుల వాదప్రతివాదాలుగా గుర్తుపెట్టుకున్నాం. దాని వేరు మాత్రం తరగతి గదిలో ఉంది. పాఠాలు చెప్పేవాళ్లూ, పాఠాలు తనిఖీ చేసే అధికారీ ఒకచోట కూర్చుని, పిల్లలకు భాష ఎందుకు పట్టుబడటం లేదని తమలో తాము మాట్లాడుకున్నారు. తెలుగు వచనం రూపురేఖలు మారడానికి ఆ మాటలు దారితీశాయి.

అలాంటి సంభాషణకు ఇవాళ మన బడుల్లో చోటెంత? ఒక తెలుగు టీచరు ఉద్యోగ జీవితాన్ని మొదటినుంచీ చూస్తే తెలుస్తుంది. బీఈడీలోనో పండిత శిక్షణలోనో కొన్ని పాఠాలు చెప్పాలి. పరిశీలకుడు చివరి బెంచీలో కూర్చుని మార్కులు వేస్తాడు. డీఎస్సీ గట్టెక్కి ఉద్యోగంలో చేరాక పదవీ విరమణ దాకా ఆ టీచరు పాఠాన్ని సాటి తెలుగు టీచరు ఒకరు వచ్చి, మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడటం అరుదు. ఉన్నత పాఠశాలలో తెలుగు పోస్టులు ఒకటో రెండో ఉంటాయి. స్టాఫ్‌రూంలో లెక్కల మాస్టారు ఉంటారు, సోషల్ మేడం ఉంటారు. పద్యం ఎత్తుకోగానే వెనక వరసల పిల్లలు ఎందుకు నీరసపడిపోతున్నారో వాళ్లతో చెప్పుకుంటే సానుభూతి దొరుకుతుంది, ఉపాయం దొరకదు. ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) అన్ని సబ్జెక్టులూ చెప్పాలి. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే చెప్పుకోవడానికి పక్కన మనిషే ఉండరు.

ఈ ఒంటరితనానికి మన విద్యాశాఖలు ఇచ్చే మందు శిక్షణ. రాష్ట్రస్థాయిలో కొందరు రిసోర్స్ పర్సన్లు తయారవుతారు. వాళ్లు జిల్లా ఆర్పీలకు చెబుతారు. జిల్లా ఆర్పీలు మండలానికి దిగి అందరికీ చెబుతారు. కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టులో మొదలుపెట్టిన ‘నిష్ఠ’ దాదాపు 42 లక్షల మంది టీచర్లను, ప్రధానోపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. కరోనా కాలంలో, 2020 అక్టోబరు నుంచి, అది ‘దీక్షా’ వేదిక మీద ఆన్‌లైన్ కోర్సుల రూపం తీసుకుంది. ఇంతమందికి ఒక కొత్త సంగతి తెలియజెప్పాలంటే ఇలాంటి ఏర్పాటు ఉండాల్సిందే. పాఠ్యపుస్తకం మారినప్పుడు, మూల్యాంకన పద్ధతి మారినప్పుడు ఇది పనికొస్తుంది కూడా. కానీ మెట్టు దిగేకొద్దీ విషయం పలచబడుతుంది. అంతకన్నా పెద్ద లోపం, కింది మెట్టు మీద కూర్చున్న టీచరు తరగతిలో ఏం జరుగుతోందో పై మెట్టుకు చేరే దారి లేకపోవడం. ఐదు రోజుల శిక్షణలో టీచరు అడగాలనుకున్న ప్రశ్నకు ఐదు నిమిషాలు కూడా దొరకవు.

ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన ఎదుగుదలకు కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ చెప్పింది. తమ అవసరాన్ని, ఆసక్తిని బట్టి ఎంచుకోవాలనీ చెప్పింది. ఆ 50 గంటలను వీడియోలు చూసి, క్విజ్ పూర్తిచేసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుని నింపేయవచ్చు. లేదా వాటిలో సగమైనా పక్క ఊరి బడుల టీచర్లతో కూర్చుని, తమ పిల్లల రాతలు ముందు పెట్టుకుని, ఒకరి పాఠం ఒకరు చూసి గడపవచ్చు. భాషా ఉపాధ్యాయుల విషయంలో రెండో మార్గమే అసలైన శిక్షణ అని, దానికి కావలసిన ఏర్పాటు మన దగ్గర ఇప్పటికే ఉండి కూడా వృథా అవుతోందని నా వాదన.

ఆ ఏర్పాటు పేరు స్కూల్ కాంప్లెక్స్. ఒక ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలను ఒక గుంపుగా కట్టాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ సిఫార్సు చేసింది. బడులు ఎవరికి వారుగా, విడివిడిగా పడి ఉండటాన్ని పోగొట్టాలన్నది దాని ఉద్దేశం. 2020 విధానం మళ్లీ ఆ మాటే అంది. మన రెండు రాష్ట్రాల్లో కాంప్లెక్స్ అంటే తెలియని ప్రభుత్వ టీచరు లేరు. కాంప్లెక్స్ హెచ్ఎం ఉన్నారు, క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) ఉన్నారు, సమావేశానికి తేదీ ఉంది, సంతకాల రిజిస్టరు ఉంది.

సమావేశంలో జరిగేది వేరు. యూడైస్ పోర్టల్‌కు పంపాల్సిన బడి వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు, ఆధార్‌తో సరిపోలని పిల్లల పేర్లు, వచ్చే నెల పరీక్షల షెడ్యూలు. అవన్నీ అయ్యాక సమయం మిగిలితే ఒక నమూనా పాఠం. అది చెప్పేది కాంప్లెక్స్‌లో బాగా చెబుతారని పేరున్న ఒకరిద్దరే. ఎదురుగా పిల్లలుండరు, టీచర్లే పిల్లల స్థానంలో కూర్చుంటారు. అందరికీ వచ్చిన పాఠాన్ని, అది వచ్చినవారికే చెప్పాక చప్పట్లు కొట్టి లేస్తారు. పాఠం రాని పిల్లవాడు ఆ గదిలో లేడు. అతని నోటుపుస్తకమూ లేదు. అవి లేకుండా బోధన గురించి జరిగే చర్చ ఎంతసేపు సాగినా నేలకు ఆనదు.

తోటివారితో కూర్చుని నేర్చుకోవడం మనకు చేతకాక కాదు. మనం ఒకసారి చేసి చూశాం. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలై 90ల మధ్యదాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పాత తరం టీచర్లకు బాగా గుర్తు. ఏపీపెప్ అనేవారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా పనిచేయాలి, వాళ్ల పని గోడల మీద కనిపించాలి, పరిసరాలను వాడుకోవాలి వంటి ఆరు సూత్రాలు అందులో ఉండేవి. సూత్రాలకన్నా నాకు విలువైనదిగా తోచేది ఉపాధ్యాయ కేంద్రం అన్న ఆలోచన. శిక్షణ పొందిన టీచర్లు మళ్లీ మళ్లీ ఆ కేంద్రంలో కలవాలి, తరగతిలో ప్రయత్నించింది చెప్పుకోవాలి, తయారుచేసిన సామగ్రి పంచుకోవాలి అని దాని ఉద్దేశం. విదేశీ నిధులు ఆగాయి, తర్వాత వేరే పథకం వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. ప్రతి పథకమూ తన పేరుతో కొత్త కేంద్రాన్ని, కొత్త కోఆర్డినేటర్‌ను తెచ్చింది. టీచర్లకు తోడుగా ఉండాల్సిన ఆ కోఆర్డినేటర్లు క్రమంగా వివరాలు సేకరించే మనుషులయ్యారు. నెలనెలా టీచర్లు కూర్చునే అలవాటు మిగిలింది, ఎందుకు కూర్చుంటున్నామన్న సంగతి మరుగున పడింది.

తోటివారితో నేర్చుకోవడం ఏ సబ్జెక్టుకైనా మంచిదే. భాషకు అది మరింత అవసరం. లెక్కల్లో పిల్లవాడు ఎక్కడ తప్పాడో మెట్టు మెట్టుగా చూపించవచ్చు. భాషలో తప్పు ఎక్కడ మొదలైందో అంత సులువుగా దొరకదు. తొమ్మిదో తరగతి పిల్ల పాఠం గడగడా చదువుతుంది. కింద ఉన్న ప్రశ్నకు జవాబు కూడా రాస్తుంది. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని, దాని ముందు వెనక వాక్యాలను ఎత్తి రాసిందని గమనించడానికి ఒక టీచరు కన్ను చాలకపోవచ్చు. పక్క బడి టీచరు అలాంటివే పది జవాబులు తెచ్చి పక్కన పెడితే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆ పిల్లకు చదవడం వచ్చింది, అర్థం చేసుకోవడం రాలేదు. మరి అర్థం చేసుకున్నదో లేదో తేల్చే ప్రశ్న ఎలా అడగాలి? అక్కడినుంచి మొదలయ్యే చర్చ ఏ మాడ్యూల్‌లోనూ దొరకదు.

స్వీయరచన సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వచ్చిన తెలుగు వాచకాలు పిల్లల సొంత రాతకు పెద్దపీట వేశాయి. పాఠం వెనక స్వీయరచన, సృజనాత్మకత, ప్రశంస అని శీర్షికలు పెట్టాయి. ఆలోచన గొప్పది. ఆచరణలో గైడు వచ్చింది. ‘మీ ఊరి గురించి మీ సొంత మాటల్లో రాయండి’ అన్నదానికి కూడా గైడులో జవాబు ఉంటుంది. నలభై మంది నోటుపుస్తకాల్లో ఒకే ఊరు కనిపిస్తుంది. టీచరుకు తెలుసు. టిక్కు పెడతారు. పెట్టకపోతే నిర్మాణాత్మక మూల్యాంకనంలో మార్కులు వేయడానికి ఆధారం ఉండదు. ఈ చిక్కు ప్రతి తెలుగు టీచరుదీ, అయినా ఎవరికి వారు తమ ఒక్కరిదే అనుకుని లోపల దాచుకుంటారు. ఆరుగురు టీచర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ నోటుపుస్తకాలు తెరిస్తే చాలు, సిగ్గు పోతుంది. గైడులో జవాబు దొరకని ప్రశ్న ఎలా తయారుచేయాలి, పిల్లలు నోటితో చెప్పిందాన్ని రాతలోకి ఎలా దించాలి, రెండు వాక్యాలు మాత్రమే సొంతంగా రాసిన పిల్లకు గైడు చూసి రెండు పేజీలు రాసినవాడికన్నా ఎక్కువ మార్కులు వేయవచ్చా అన్న మాటలు వస్తాయి.

మరో ప్రశ్న ఉంది. అది గిడుగు వారి కాలం నాటిదే, ఇంకా తీరలేదు. కరీంనగర్ పిల్ల ‘వచ్చిండు’ అని రాస్తుంది. ఎర్ర సిరాతో కొట్టేయాలా? ఒక టీచరు కొట్టేస్తారు, ఇంకొకరు వదిలేస్తారు, మూడోవారు పక్కన పుస్తకం మాట రాసి రెండూ తెలియాలంటారు. ముగ్గురికీ తమ కారణాలున్నాయి. కానీ ముగ్గురూ ఆ కారణాలను ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒకే పిల్ల ఐదో తరగతి నుంచి ఆరో తరగతికి, ఒక బడి నుంచి ఇంకో బడికి వెళ్లినప్పుడు నిరుడు ఒప్పయింది ఈ ఏడు తప్పవుతుంది. ఆ పిల్ల చివరికి నేర్చుకునేది రాయకుండా ఉండటం. ఒక కాంప్లెక్స్‌లో తెలుగు చెప్పేవాళ్లంతా కూర్చుని ఏ తరగతిలో దేన్ని దిద్దాలి, దేన్ని పిల్లల నోటి మాటగా గౌరవించాలి అని తేల్చుకుంటే ఈ నష్టం ఆగుతుంది. ఇది పైనుంచి ఉత్తర్వు ఇచ్చి తేల్చే విషయం కాదు.

ఇంగ్లిషు బోధనలో మన ప్రాంతం నుంచే వెళ్లిన ఒక ఆలోచన ఇక్కడ ఉపయోగపడుతుంది. 1979 నుంచి 1984 దాకా సాగిన బెంగళూరు ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఎన్.ఎస్. ప్రభు, 1990లో రాసిన ఒక వ్యాసంలో అన్ని చోట్లా పనికొచ్చే ఉత్తమ పద్ధతి అంటూ ఏదీ లేదన్నారు. పిల్లలు ఎలా నేర్చుకుంటారో, తాను చేసేది ఎందుకు ఫలిస్తుందో ప్రతి టీచరుకూ లోపల ఒక నమ్మిక ఉంటుంది. ఆ నమ్మిక సజీవంగా ఉన్న టీచరు పాఠమే పిల్లలకు చేరుతుంది. బోధన మొక్కుబడిగా మారితే అది చచ్చిపోతుంది. ఇతరుల నమ్మికలతో తలపడినప్పుడు అది బతుకుతుంది, మారుతుంది, పదునెక్కుతుంది. ప్రపంచం నలుమూలలా భాషా ఉపాధ్యాయులు చదివిన ఈ ఆలోచన దక్షిణాది బడుల్లో పనిచేసిన అనుభవం ఉన్న మనిషిది. మన శిక్షణ కార్యక్రమాలు మాత్రం ఇంకా ఉత్తమ పద్ధతి కోసమే వెతుకుతున్నాయి.

తోటివారి పాఠం చూడటాన్ని ఒక క్రమమైన పనిగా మలిచింది జపాన్. అక్కడ దాన్ని ‘జుగ్యో కెన్‌క్యూ’ అంటారు, మెయిజీ కాలం నుంచీ ఉంది. 1999లో స్టిగ్లర్, హీబర్ట్ రాసిన పుస్తకం తర్వాత మిగతా ప్రపంచం దాన్ని గమనించింది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు నిజమైన తరగతిలో, నిజమైన పిల్లలకు చెబుతారు. మిగిలినవారు చూస్తారు. చూసేది పిల్లలను. ఏ పిల్ల ఎక్కడ ఆగింది, ఏ మాటకు తల ఎత్తింది, ఎప్పుడు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసింది అని రాసుకుంటారు. తర్వాత చర్చ. పాఠం అందరూ కలిసి తయారుచేసింది కాబట్టి అది విఫలమైతే చెప్పినవారు ఒక్కరే తలదించుకోవాల్సిన పని లేదు. మన దగ్గర నమూనా పాఠానికీ దీనికీ ఉన్న తేడా అదే. నమూనా పాఠం చెప్పేవారి ప్రతిభను చూపిస్తుంది. ఇది పాఠం నేర్చుకునేవారి ఇబ్బందిని చూపిస్తుంది.

రాత నేర్పే టీచర్ల కోసం అమెరికాలో పుట్టిన ఒక ప్రయత్నం తెలుగు టీచర్లకు ఇంకా దగ్గరగా ఉంటుందనిపిస్తుంది. 1974లో బర్క్‌లీలో జేమ్స్ గ్రే మొదలుపెట్టిన బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు తర్వాత నేషనల్ రైటింగ్ ప్రాజెక్టుగా దేశమంతా పాకింది. టీచర్లకు బాగా నేర్పగలిగేది మరో టీచరే, రాయడం నేర్పేవారు తామూ రాయాలి అన్న రెండు నమ్మకాల మీద అది నడిచింది. వేసవిలో టీచర్లు కలిసి రాస్తారు, ఒకరి రాత ఒకరికి చదివి వినిపిస్తారు, తమ తరగతిలో ఫలించిన ఒక పనిని మిగతావారితో చేయించి చూపిస్తారు. 2011లో కేంద్ర నిధులు కోత పడి దెబ్బ తిన్నా, విశ్వవిద్యాలయాలను ఆసరా చేసుకుని నిలబడింది.

మన తెలుగు టీచర్లలో కవులున్నారు, కథకులున్నారు, అవధానులున్నారు. కవి సమ్మేళనాలకు సెలవు రోజున సొంత ఖర్చులతో వెళతారు. పండిట్ పోస్టుల ఉన్నతీకరణ కోసం ఏళ్ల తరబడి సంఘటితంగా పోరాడారు. కాబట్టి వీళ్లకు కలవడం రాదని, ఓపిక లేదని ఎవరూ అనలేరు. సాహిత్యం కోసం కలిశారు, హక్కుల కోసం కలిశారు. బోధన కోసం కలిసే అవకాశాన్నే వ్యవస్థ వాళ్లకు ఇవ్వలేదు. ఉపాధ్యాయ సంఘాల మాసపత్రికలు పీఆర్సీ, బదిలీలు, పింఛను మీద ఎంత శ్రద్ధగా రాస్తాయో, ఒక టీచరు తన తరగతిలో పద్యం ఎలా చెప్పి ఏం గమనించారో అంత శ్రద్ధగా అచ్చువేస్తే ఆ శూన్యంలో కొంతైనా నిండుతుంది. సంఘాలు ఈ పనిని తమదిగా తీసుకోవాలి.

దీనికి ఎదురుగా వినిపించే అభ్యంతరాల్లో ఒకటి బలమైనది. తెలియనివాళ్లు పదిమంది కూర్చుంటే తెలిసేదేముంది, తప్పు అభిప్రాయాలు మరింత గట్టిపడతాయి కదా అంటారు. ఇందులో నిజం ఉంది. ఒకటో తరగతిలో చదవడం ఎలా మొదలుపెట్టాలి, అక్షరమాల వరసగా చెప్పాలా, పదాల నుంచి అక్షరాలకు రావాలా, గుణింతాలు, ఒత్తులు ఎప్పుడు తేవాలి అన్న విషయాల్లో అనుభవం ఒక్కటే చాలదు, పరిశోధన తెలియాలి. అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. 2022లో 16.3 శాతం నుంచి పెరిగింది, సంతోషమే, కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా బయటే ఉన్నారు. ఇంత పెద్ద సమస్యను టీచర్ల కబుర్లకు వదిలేయమని నేను అనడం లేదు.

మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం ఈ అభ్యంతరానికి జవాబు చూపించింది. అది సైన్సుకు సంబంధించింది, అయినా పాఠం అందరిదీ. అక్కడ టీచర్లు నెలనెలా కలిసేవారు. తరగతిలో ఏం చెడిందో ముందు వాళ్లు చెప్పేవారు. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాళ్లతో పాటు కూర్చునేవారు. పుస్తకాలు ఆ మాటలను బట్టి మారేవి. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా మూడు దశాబ్దాలు అది నిలిచింది. బయటి జ్ఞానం కావాలి, కానీ అది టీచర్ల ప్రశ్నకు జవాబుగా రావాలి. మన డైట్ అధ్యాపకులు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలవారు, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో భాషా బోధన చదివినవారు నెలకొకసారి ఒక కాంప్లెక్స్‌కు వెళ్లి కూర్చోవడం అసాధ్యం కాదు. ఉపన్యాసం ఇవ్వడానికి కాకుండా నోటుపుస్తకాలు చూడటానికి వెళ్లాలి.

రెండో చిక్కు భయం. తన తరగతిలో పాఠం పారలేదని టీచరు నలుగురిలో ఒప్పుకోవాలంటే, ఆ మాట ఎంఈఓ డైరీలోకి ఎక్కదన్న భరోసా ఉండాలి. పర్యవేక్షణకు వచ్చినవారు కారణం అడిగేలోపే మెమో ఇచ్చే వాతావరణంలో ఎవరూ నోరు విప్పరు. అధికారులు రాకూడదని కాదు. యేట్స్ ఇన్‌స్పెక్టరే, కానీ శ్రీనివాస అయ్యంగార్ పెట్టిన సంఘంలో సభ్యుడిగా కూర్చుని ప్రశ్న అడిగారు. ఎంఈఓలు, జిల్లా విద్యాధికారులు అలా రాగలిగితే రావాలి. రాలేకపోతే ఆ రెండు గంటలూ రాకపోవడమే మేలు.

మూడోది సమయం. రాజస్థాన్‌లో టోంక్, సిరోహి జిల్లాల్లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడ్పాటుతో టీచర్లు బడి వేళల తర్వాత, సెలవు రోజుల్లో స్వచ్ఛందంగా కలిసే వేదికలు ఏర్పడ్డాయి. ఇష్టంతో వచ్చేవారి చర్చలో ఉండే ప్రాణం వేరు, ఆ ప్రయత్నాన్ని గౌరవిస్తాను. అయితే సాయంత్రం ఆరింటి సమావేశానికి, ఆదివారం సమావేశానికి ఎవరు రాగలరో ఆలోచించాలి. వంటా, పిల్లల చదువూ, అత్తమామల మందులూ చూసుకుని, రెండు బస్సులు మారి బడికి వచ్చే టీచరమ్మకు ఆ స్వచ్ఛందం అందుబాటులో ఉండదు. మన ప్రాథమిక బడుల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తోటివారితో నేర్చుకోవడం ఉద్యోగంలో భాగమైతే అది ఉద్యోగ సమయంలోనే జరగాలి, ఆన్ డ్యూటీ (ఓడీ) ఇవ్వాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. మహారాష్ట్ర ప్రభుత్వం బ్రిటిష్ కౌన్సిల్, టాటా ట్రస్టులతో కలిసి 2016లో మొదలుపెట్టిన ‘తేజస్’ ఇంగ్లిషు చెప్పే ప్రాథమిక టీచర్ల చిన్న చిన్న బృందాలను వ్యవస్థ లోపలే ఏర్పాటు చేసింది. ముఖాముఖి కలవడానికి వాట్సాప్‌ను తోడుగా వాడుకుంది. మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నపత్రాలు, పీడీఎఫ్‌లు, ఉత్తర్వులు తిరుగుతాయి. అవి అవసరమే. తరగతి మాత్రం అందులో కనిపించదు.

కాంప్లెక్స్ గోడ బయట మిగిలిపోయినవారు కూడా ఉన్నారు. తెలంగాణలో 2018 చట్టం అన్ని బోర్డుల బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. దానివల్ల హైదరాబాద్‌లో హిందీ, మరాఠీ, బెంగాలీ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు నేర్పాల్సిన బాధ్యత ప్రైవేటు బడుల తెలుగు టీచర్ల మీద పడింది. మాతృభాషగా తెలుగు చెప్పడానికి శిక్షణ పొందినవారు దాన్ని కొత్త భాషగా నేర్పాలి. తక్కువ జీతం, ఉద్యోగ భద్రత లేదు, ఏ కాంప్లెక్స్‌కూ చెందరు. ప్రభుత్వ బడుల్లో వలస కార్మికుల పిల్లలకు తెలుగు నేర్పుతున్న టీచర్లదీ ఇదే సమస్య. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి చట్ట సవరణ అక్కర్లేదు, ఒక ఆహ్వానం చాలు.

అడవి బడుల్లో కథ ఇంకోలా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఆ బడుల్లో పిల్లల భాష తెలిసిన స్థానిక టీచరూ, బయటినుంచి వచ్చిన తెలుగు టీచరూ ఒకరికొకరు గురువులు. పిల్లవాడు తెలుగు వాక్యాన్ని తన భాష వరసలో ఎందుకు పేరుస్తున్నాడో మొదటివారు చెప్పగలరు. పై తరగతిలో ఆ పిల్లవాడికి ఏ తెలుగు కావాలో రెండోవారు చెప్పగలరు. ఈ జంటను మించిన రిసోర్స్ పర్సన్ ఏ రాష్ట్రస్థాయి శిబిరంలోనూ తయారుకారు. విదేశాల్లో తెలుగు నేర్పుతున్నవారి అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడి లాంటి చోట్ల పాఠం చెప్పేది ఎక్కువగా వలంటీర్లు, వేరే ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులు. ఇంట్లో ఇంగ్లిషే వినే పిల్లలతో తెలుగు మాట్లాడించడానికి వాళ్లు పడుతున్న పాట్లు, కనిపెట్టిన ఉపాయాలు హైదరాబాద్ సీబీఎస్ఈ బడి టీచరుకు నేరుగా పనికొచ్చేవి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలను అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. నెలకు ఒక మధ్యాహ్నం తెలుగు చెప్పేవారికి విడిగా కేటాయించండి. ఆ వేళ ఒక్క సర్క్యులర్ చదవకూడదు, ఒక్క ఫొటో అప్‌లోడ్ చేయమనకూడదు, ఒక్క వివరం అడగకూడదు. ఎనిమిది, పది మందికి మించని గుంపులు చేయండి. ప్రతి నెలా వేరే బడిలో, నిజమైన తరగతిలో ఒకరు పాఠం చెప్పాలి, మిగతావారు పిల్లలను గమనించాలి. ప్రతి ఒక్కరూ తమ పిల్లల రాతలు మూడు తేవాలి: బాగా రాసింది ఒకటి, మధ్యస్థంగా రాసింది ఒకటి, అసలు రాయలేకపోయింది ఒకటి. వచ్చే నెలలోపు అందరూ ప్రయత్నించాల్సిన ఒకే ఒక్క మార్పు అనుకుని లేవాలి, తర్వాతి సమావేశం దాని ఫలితంతోనే మొదలవ్వాలి. ఈ గంటలను 50 గంటల్లో లెక్కకట్టండి. ప్రైవేటు బడుల తెలుగు టీచర్లకు తలుపు తెరవండి. ఏకోపాధ్యాయ బడికి ఆ పూట మరొకరిని పంపండి.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ నెల కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లే తెలుగు టీచర్లు సంచిలో మూడు నోటుపుస్తకాలు పెట్టుకుని వెళ్లండి. టీ విరామంలో పక్కవారికి ఒకటి చూపించి, మీ పిల్లలూ ఇలాగే రాస్తున్నారా అని అడగండి.